అప్‌డేట్: దోర్నాల ఘాట్‌లో కనిపించిన జంతువు ఏదో తేలింది

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్తుంటే ఘాట్ మలుపులో ఒంటరిగా నిలబడ్డ, కొమ్ముల్లేని గోధుమరంగు జంతువు ఏదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చెక్‌పోస్టు దగ్గర అటవీ సిబ్బందికి ఫొటో చూపించగానే చెప్పేశారు: ఆడ కొండగొర్రె, అంటే నాలుగు కొమ్ముల జింక జాతిది. నాలుగు కొమ్ములు మగదానికే, ఆడదానికి అసలుండవు. ముందుకాళ్ల మీద నల్లటి చార ఉందేమో చూడమన్నవారి మాటే పనికొచ్చింది, ఫొటో పెద్దది చేస్తే స్పష్టంగా ఉంది. మూషిక జింక కాదు; అది అడుగు ఎత్తుంటే ఎక్కువ, పైగా ఒంటిమీద తెల్ల మచ్చలుంటాయి. చుక్కల దుప్పి పిల్లా కాదు.

మార్కాపురం మెట్ట పొలాలు దాటి నల్లమల ఎక్కేవాళ్లు పగలే బయల్దేరండి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు గేటు మూసేస్తారు.