ఓవర్‌డ్రైవ్ పెడల్ పెడితే గిటార్ దోమ గుయ్యిమన్నట్టు వస్తుంది, ఏం చేయాలె?

ఆరుతీగలోడు (నల్గొండ):
అన్నలు అందరికీ నమస్తే. నాది నల్గొండ, ఆదివారం చర్చిల వాయిస్త, పెండ్లిళ్ల సీజన్ల ఒక ఆర్కెస్ట్రాతోని ఊర్లు తిరుగుత. గిటార్ స్ట్రాట్ మోడల్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కింద సౌండు పట్టేవి, ఒక్క చుట్టవి). ఇన్ని రోజులు క్లీన్‌గనే, అంటే సౌండు పగలకుండనే వాయించిన, ఈ మధ్య హైదరాబాద్ పోయినప్పుడు ట్యూబ్ స్క్రీమర్ (గిటార్ సౌండును పగలగొట్టే, పేరున్న ఓవర్‌డ్రైవ్ పెడల్) కాపీ ఒకటి సెకండ్ హ్యాండ్ల 1800 పెట్టి తెచ్చుకున్న, కంపెనీ పేరు ఎందుకు లే. యూట్యూబ్ల ఇసుంటి పెడలే నొక్కితే గిటార్ ఏడ్చినట్టు, పాడినట్టు ఎంత మంచిగ వస్తదో, నాది నొక్కితే మాత్రం ప్లాస్టిక్ కవర్ల తేనెటీగ ఇరుక్కున్నట్టు జుయ్యిమంటుంది. డ్రైవ్ ఫుల్లు పెట్టిన, టోన్ ఫుల్లు, లెవెల్ సగం. పోయిన ఆదివారం సోలో పెడితే పాస్టర్ గారు స్పీకర్ పగిలిందేమో అని వెనకకు తిరిగి చూసిండు, ఇజ్జత్ పోయింది. పెడల్ ఖరాబ్‌దా, గిటార్ ఖరాబ్‌దా, నాకే రాదా? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి.

పాలమూరు బ్లూస్:
తమ్మి, ముందు డ్రైవ్ తగ్గియ్యి. ఓవర్‌డ్రైవ్ కొన్న ప్రతి ఒక్కడు మొదటి నెల డ్రైవ్ ఫుల్ల తిప్పుడే, నేను గూడ గంతే. డ్రైవ్ 9 గంటల కాడ పెట్టు (నాబ్‌ను గడియారం ముల్లు లెక్క చూసుకో), లెవెల్ 2, 3 గంటల దాక లేపు, టోన్ సగానికి కొంచెం కిందికి. అమెరికా బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ట్యూబ్ స్క్రీమర్ వాడిండు అంటరు, నిజమే, కాని ఆయన పెడల్ వెనకాల గట్టిగ తెరిచి పెట్టిన ఫెండర్ కంపెనీ ట్యూబ్ ఆంప్‌లు (గిటార్ సౌండు పెంచే డబ్బాలు) ఉండె. పెడల్ చేసిన పని ఏందంటే ఆ ఆంప్‌ను ఇంకింత ముందుకు తోసుడు, పగులుడు సగానికంటే ఎక్కువ ఆంప్‌లనే అయితది. ఇగ ఇంకో ముచ్చట, నువ్వు దేంట్ల పెడుతున్నవో చెప్పనే లేదు. ఆంప్ ఏంది?

ఆరుతీగలోడు (నల్గొండ):
ఆంప్ లేదన్న. చర్చిల గాని ఫంక్షన్ల గాని డైరెక్ట్ మిక్సర్లకే. పెడల్ నుంచి కేబుల్ తీసి మిక్సర్ల గుచ్చుడు, సౌండ్ సిస్టం అన్న గెయిన్ (సిగ్నల్ ఎంత పెంచాలె అనేది) పెడ్తడు, గంతే.

పాలమూరు బ్లూస్:
దొరికింది దొంగ.

కోఠి సోల్డర్:
మా సొంతూరు సూర్యాపేట దగ్గర, ఇప్పుడు హైదరాబాద్ల పెడల్స్, ఆంప్‌లు రిపేర్ చేస్త, కాబట్టి కొంచెం లంబగ చెప్త, ఓపికుంటే చదువు. నీ పెడల్ ఖరాబ్‌ది కాకపోవచ్చు. గిటార్ ఆంప్‌ల ఉండే 12 ఇంచుల స్పీకర్ ఇంట్ల పాటలు వినే స్పీకర్ లెక్క కాదు, సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటినంక సౌండు జారిపోతది, పైన ఉండే గరగర అంతా అదే మింగుతది. పీఏ స్పీకర్లకు హార్న్ ఉంటది కదా, అది 15 కిలోహెర్ట్జ్ దాక అన్నీ వినిపిస్తది, అందుకే నీ పెడల్ల పుట్టిన చెత్తంతా జనం చెవులల్ల పడుతుంది. క్లీన్ గిటార్‌కు ఇది అంత తెలువది, ఎందుకంటే క్లీన్ల పైన అంత సామాను ఉండది, కాని పగలగొట్టినంక కొత్త హార్మోనిక్స్ (అసలు స్వరం మీద లేచే పై స్వరాలు) పైదాక పుడతయ్. తేనెటీగ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది కదా.

ఇగ లోపల ఏమైతదో విను. ట్యూబ్ స్క్రీమర్ల ఒక ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్పు) ఉంటది, పాతవాటిల్ల 4558 చిప్పు. దాని ఫీడ్‌బ్యాక్ల (బయటికొచ్చిన సిగ్నల్ మళ్ల లోపలికి పోయే దారిల) రెండు సిలికాన్ డయోడ్లు ఎదురెదురుగ ఉంటయ్, సిగ్నల్ ఒక హద్దు దాటితే అవి పైనా కిందా సమంగ కోస్తయ్. బాస్ కంపెనీ ఎస్‌డి-1 ఓవర్‌డ్రైవ్ పెడల్ల ఒక దిక్కు రెండు, ఇంకో దిక్కు ఒకటే డయోడు, అందుకే దాని రుచి వేరు. డ్రైవ్ నాబ్ సున్న మీద ఉన్నా ఈ స్టేజ్ల పై స్వరాలకు దగ్గర దగ్గర 12 రెట్లు గెయిన్ ఉంటది, ఫుల్ల పెడితే 118 రెట్ల దాక పోతది. నువ్వు ఫుల్ల పెట్టినవ్ అంటే నీ పికప్ పట్టిన హమ్ము (కరెంటు రొద), సుయ్యిమనేది గూడ అన్ని రెట్లు పెరిగినట్టే. ఇంకోటి, 720 హెర్ట్జ్ కింద గెయిన్ మెల్లగ తగ్గుకుంట వస్తది, పైనేమో టోన్ ఫిల్టర్ కొంత కోస్తది, అందుకే మధ్యల గుబ్బ లేచినట్టు ఉంటది. లావు తీగ 82 హెర్ట్జ్ కదా, అది పూర్తిగ పగిలితే బురద అయితది, ఆ డిజైన్ చేసినాయన కావాలనే అట్ల పెట్టిండు.

కాబట్టి నీకు కావల్సింది పెడల్ వెనకాల క్యాబినెట్ (గిటార్ ఆంప్ స్పీకర్ డబ్బా) లెక్క పనిచేసేది ఒకటి. క్యాబ్ సిమ్యులేటర్ పెడల్ కొనొచ్చు, లేకుంటే జూమ్ జి1 ఫోర్ లాంటి చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టి దాంట్ల ఉత్త ఆంప్, క్యాబినెట్ మోడల్ ఆన్ చేసుకో. గిటార్, ఓవర్‌డ్రైవ్, జూమ్, మిక్సర్, ఈ వరుసల. ఆంప్ మోడల్‌ను కొంచెం పగిలే దగ్గరికి తెచ్చిపెట్టి, తర్వాత పెడల్ నొక్కు, అప్పుడు పాలమూరు అన్న చెప్పిన లెవెల్ ఎక్కువ, డ్రైవ్ తక్కువ పద్ధతికి అసలు అర్థం వస్తది. ఉత్త మిక్సర్‌ను తోస్తే ఏముంది, ఎర్ర లైటు వెలుగుతది గంతే.

మిర్యాలగూడ బేస్:
పైసలు పెట్టే ముందు సౌండ్ సిస్టం అన్నను మంచిగ చేసుకో, సగం టోన్ ఆయన చేతుల ఉన్నది. డిజిటల్ మిక్సర్ అయితే నీ ఛానల్ల హై కట్ (పై సౌండు కోసే ఫిల్టర్) 5 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టమను, ఫ్రీగనే తేనెటీగ సగం సస్తది. చిన్న మామూలు మిక్సర్ అయితే హై నాబ్ చాలావాటిల్ల 12 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తది, అది ఒక్కటే దించితే సాలదు, 2.5 దగ్గరుండే మిడ్ గూడ కొంచెం దించాలె. ఇంకోటి, కేబుల్‌ను మైక్ ఇన్‌పుట్లకు కాదు, లైన్ ఇన్‌పుట్లకు గుచ్చు. మైక్ దాంట్ల గుచ్చితే పెడల్ పగులుడు వేరు, మిక్సర్ పగులుడు వేరు, రెండు కలిసి గదే ప్లాస్టిక్ కవర్. మిక్సర్ గెయిన్ గూడ పెడల్ ఆన్‌ల ఉన్నప్పుడే గట్టిగ వాయించి సెట్ చేపియ్యి, మస్తు మంది క్లీన్ల సెట్ చేస్తరు, సోలోల లెవెల్ ఎగిరి పీక్ అయితది.

ఇగ నా బాధ గూడ చెప్త. ఇంట్ల ఒక్కడివే వాయిస్తే ట్యూబ్ స్క్రీమర్ ముక్కుతోని పాడినట్టు ఉంటది, బాగలేదు అని మిడ్ తీసేసి, బేసు, ట్రెబుల్ లేపి స్టేజీ మీదికి వస్తరు మీ గిటార్ వాళ్లు. ఆడికొస్తే కింద నేనున్న, పైన సింబల్స్, మధ్యల కీబోర్డు అన్న రెండు చేతులు పెట్టి స్ట్రింగ్స్ పట్టుకొని కూసుంటడు, ఆక్టోప్యాడ్ పిలగాడు ఎట్లా తగ్గడు, ఇగ నువ్వు ఎక్కడ వినపడతవు తమ్మి? వినపడక వాల్యూం లేపుతవు, నిన్ను చూసి కీబోర్డు లేపుతడు, ఆఖరికి పెండ్లికొడుకు వాళ్ల మామ వచ్చి తగ్గియ్యుండ్రి అంటడు. ఆ ముక్కు సౌండే బ్యాండ్ల దారి చేసుకుంట బయటికొస్తది. ఇంట్ల బాగలేకున్నా పర్వాలేదు, స్టేజీ మీద చూసి చెప్పు.

పాలమూరు బ్లూస్:
బేస్ అన్న ఎప్పుడు గిటార్ వాళ్ల మీదనే పడ్తడు కాని చెప్పింది నిజం. నేను ఒక్క మాట కలుపుత, గిటార్ వాల్యూం నాబ్ ముట్టుకో తమ్మి. పెడల్ ఎప్పుడు ఆన్‌లనే పెట్టి, పాట వెనకాల కార్డ్స్ కొట్టేటప్పుడు గిటార్ వాల్యూం 6 కాడ, సోలోకు 10. సన్నగ కొడితే దాదాపు క్లీన్, గట్టిగ కొడితే ఏడుస్తది. చేతిల ఉన్న ఆట గిదే, కాలుతోని నొక్కుడు కాదు. కాని డ్రైవ్ ఫుల్ల పెడితే ఈ ఆట దొరకది, మెల్లగ కొట్టినా గట్టిగ కొట్టినా ఒక్కటే రొద.

ఆరుతీగలోడు (నల్గొండ):
అన్నలు, చేసి చూసిన. నిన్న శనివారం ప్రాక్టీస్ల డ్రైవ్ 9 గంటల కాడికి దించి, లైన్ ఇన్‌పుట్లకు మార్చి, హై, మిడ్ కొంచెం కొంచెం దించినం. తేనెటీగ పోయింది అనను కాని దూరం పోయింది. కోఠి అన్న చెప్పింది చూద్దామని దోస్తు దగ్గర పాత మల్టీ ఎఫెక్ట్స్ తెచ్చి ఉత్త క్యాబినెట్ ఒక్కటి ఆన్ చేసినం, అయ్యో ఇదా నా గిటార్ అనిపించింది, నిజం చెప్తున్న, కీబోర్డు అన్న వాయించుడు ఆపి నా దిక్కు చూసిండు. ఇగ రెండు డౌట్లు. ఒకటి, పెడల్ ఆఫ్ చేస్తే గిటార్ మీద దుప్పటి కప్పినట్టు మబ్బుగ అయితుంది, ఆన్ చేస్తే కళ వస్తుంది, ఎందుకు? రెండోది, బ్యాటరీ తొందరగ అయిపోతుంది, కీబోర్డు అన్న దగ్గర యమహా అడాప్టర్ ఒకటి ఖాళీగ ఉన్నది, అది పెట్టొచ్చా?

కోఠి సోల్డర్:
పెట్టకు!! ఆ కీబోర్డుల అడాప్టర్ 12 వోల్టులు, లోపలి పిన్ను ప్లస్. ఇసుంటి పెడల్స్‌కు 9 వోల్టులు, లోపల మైనస్. ఉల్టా పెడితే డయోడ్ ఉన్న పెడల్ అయితే బతుకుతది, లేకుంటే నా దగ్గరికి వస్తది, నెలకు ఇద్దరు ముగ్గురు ఇట్లనే తెస్తరు. 9 వోల్ట్ సెంటర్ నెగటివ్ అని రాసి ఉన్న రెగ్యులేటెడ్ అడాప్టర్ కొను, పెడల్ వెనకాల గూడ ఆ బొమ్మ ఉంటది, చూసి కొను. బ్యాటరీ అయిపోవుడు ఎందుకంటే ఇన్‌పుట్ జాక్‌ల కేబుల్ గుచ్చి ఉన్నంత సేపు పెడల్ కరెంట్ తింటనే ఉంటది, కాలుతోని ఆఫ్ చేసినా సరే. వాయించుడు అయిపోంగనే కేబుల్ పీకెయ్యి.

దుప్పటి సంగతి: నీది ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్ లోపలి సర్క్యూట్ ముట్టకుండ నేరుగ పోయేటట్టు) చేసిన కాపీ అయ్యుంటది. ఆఫ్ చేస్తే పికప్ డైరెక్ట్‌గ మిక్సర్ల పడుతది, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్స్ కాడ ఉంటది, గిటార్ పికప్‌కు అది పెద్ద బరువు, పైస్వరాలు సచ్చిపోతయ్. ఒరిజినల్ ట్యూబ్ స్క్రీమర్, బాస్ పెడల్స్ ఆఫ్‌ల ఉన్నా లోపల బఫర్ (పికప్ మీద బరువు పడకుండ సిగ్నల్‌ను కాపాడే సర్క్యూట్) నడుస్తనే ఉంటది కాబట్టి ఈ తేడా రాదు. వెనకాల ఇంకో బఫర్ ఉన్న పెడల్ గాని ఆ మల్టీ ఎఫెక్ట్స్ గాని పెడితే పోతది.

ఆరుతీగలోడు (నల్గొండ):
అడాప్టర్ పెట్టక ముందే అడిగినందుకు బతికిన. ఇంకొక్కటి అన్న, నిన్న మధ్యల కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదికి పోంగనే గర్ర్ అని హమ్ పెరిగింది, పెడల్ ఆన్ చేస్తే ఇంకా ఎక్కువ.

మిర్యాలగూడ బేస్:
స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటు అల నున్నగ కాక చదరంగ ఇచ్చేది) అయ్యుంటది, సింగిల్ కాయిల్‌కు అది పండుగ. ఇన్వర్టర్ దిక్కు, ఎల్ఈడీ సీరియల్ లైట్ల దిక్కు గిటార్ తిప్పకుండ కొంచెం పక్కకు తిరిగి నిలబడు, తగ్గుతది. పికప్ స్విచ్ 2, 4 పొజిషన్లల్ల గూడ పెట్టి చూడు, మధ్య పికప్ ఉల్టా చుట్టింది అయితే హమ్ పోతది. ఎవడన్న సలహా ఇచ్చిండని ఎర్త్ పిన్ను మాత్రం పీకకు, మైక్‌కు మూతి తగిలితే షాక్ కొడతది, నాకు కొట్టింది ఒకసారి, పాట మధ్యలనే.

పాలమూరు బ్లూస్:
ఆదివారం అయినంక పాస్టర్ గారు ఏమన్నరో రాయి తమ్మి.