ఇంట్లో విమాన సిమ్యులేటర్‌కు జాయ్‌స్టిక్ మేలా, యోక్ మేలా?

నయీంనగర్_తండ్రి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది హనుమకొండలోని నయీంనగర్. మా అబ్బాయి ఇంటర్మీడియట్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పైలట్ కావాలన్న కోరిక వాడికి ఏడో తరగతి నుంచీ ఉంది. రెండేళ్లుగా ఇంటి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ నడుపుతున్నాడు గాని, ఇంతవరకూ అంతా కీబోర్డు మీదనే. విమానాన్ని దించే సమయంలో మీట నొక్కితే ముక్కు ఒక్కసారిగా లేస్తుంది, వదిలితే ఒక్కసారిగా పడిపోతుంది. మధ్యస్థంగా పట్టి ఉంచే వీలే లేకపోవడంతో వాడు విసిగిపోతున్నాడు.

పరీక్షలయ్యాక మంచి నియంత్రణ పరికరం కొనిస్తానని మాట ఇచ్చాను. నా దగ్గర ఉన్నది సుమారు 30,000 రూపాయలు. వాడు ఎక్కువగా నడిపేది సెస్నా 172 అనే చిన్న విమానం. సెలవు రోజుల్లో మాత్రం శంషాబాద్ నుంచి ఎయిర్‌బస్ ఎ320 తీసుకొని ఢిల్లీ దాకా వెళ్తాడు. సెస్నాకు యోక్ (కారు స్టీరింగ్‌లా తిప్పుతూ, ముందుకూ వెనక్కీ జరిపే పిడి) ఉంటుంది, ఎయిర్‌బస్‌కు కర్ర, అంటే జాయ్‌స్టిక్ లాంటిది, ఉంటుంది కనుక రెండింటిలో ఏది కొన్నా ఒకదానికి అన్యాయం జరుగుతుందేమోనన్నది నా మొదటి సందేహం. కాళ్లతో తొక్కే పెడల్స్ నిజంగా అవసరమా అన్నది రెండోది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లినప్పుడు పాత సరుకు దొరికితే తీసుకోవచ్చా అన్నది మూడోది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కాజీపేట_ఆకాశం

నమస్కారం అండీ. చాలామంది ఈ ప్రశ్నను రూపాన్ని బట్టి తేల్చేస్తారు: సెస్నాకు యోక్, ఎయిర్‌బస్‌కు కర్ర అని. రూపం కంటే ముందు చూడవలసింది ఒకటుంది. చేయి వదిలేసినప్పుడు అసలు విమానంలోని ఆ పరికరం ఎక్కడికి పోయి నిలబడుతుందో చూడాలి.

ఎయిర్‌బస్ ఎ320లోని సైడ్‌స్టిక్‌కు, అంటే సీటు పక్కన ఉండే కర్రకు, లోపల స్ప్రింగులే ఉంటాయి. చేయి తీయగానే అది నడిమికి వచ్చేస్తుంది. మామూలు ఎగురుదలలో పైలట్ కర్రను కదిపితే కంప్యూటర్ దాన్ని ఒక కోరికగా తీసుకొని రెక్కల మీదా తోక మీదా ఉన్న పలకలను తానే జరుపుతుంది, ట్రిమ్‌ను (చేత్తో పట్టి ఉంచకుండానే విమానాన్ని ఒకే తీరులో నిలిపే అమరికను) కూడా తానే సర్దుకుంటుంది. కనుక బల్ల మీద పెట్టుకునే స్ప్రింగు జాయ్‌స్టిక్ ఎ320కు ఎంతో దగ్గరగా ఉంటుంది, అదీ తక్కువ ఖర్చులో.

సెస్నా 172 సంగతి పూర్తిగా వేరు. అందులో యోక్‌కూ, విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోకలోని ఎలివేటర్ పలకకూ మధ్య తీగలూ కప్పీలే ఉంటాయి. వేగం పెరిగిన కొద్దీ గాలి ఒత్తిడితో యోక్ బరువెక్కుతుంది, వేగం తగ్గితే తేలికవుతుంది. పైలట్ యోక్‌ను తనకు కావలసిన చోట పట్టుకొని, ఆ బరువు చేతికి తెలియనంత వరకు ట్రిమ్ చక్రాన్ని తిప్పుతాడు. ఆ తర్వాత చేయి వదిలినా యోక్ అక్కడే ఉంటుంది, నడిమికి రాదు. ఇంట్లో కొనే మామూలు యోక్‌లు అలా చేయలేవు. వాటిలోనూ స్ప్రింగులే కాబట్టి ఎంత ఖరీదైనదైనా ఎప్పుడూ నడిమికే లాగుతుంది. ట్రిమ్ చేస్తున్నంతసేపూ చేతిని కొద్దికొద్దిగా నడిమికి తేవాలి. అంటే యోక్ కొన్నా సెస్నా ట్రిమ్ అనుభవం దొరకదు. దానికి మోటార్లతో ఎదురు బలం ఇచ్చే యోక్‌లున్నాయి గాని, అవి మీ బడ్జెట్‌కు చాలా దూరం.

అందుకే నా సలహా, మొదట మంచి సెన్సర్లున్న జాయ్‌స్టిక్, దానితోపాటు పెడల్స్. థ్రస్ట్‌మాస్టర్ టి.16000ఎం కర్ర, టి.డబ్ల్యు.సి.ఎస్. థ్రాటిల్ (ఇంజిను శక్తిని పెంచి తగ్గించే మీట), టి.ఎఫ్.ఆర్.పి. పెడల్స్ కలిపి ఒకే పెట్టెలోనూ వస్తాయి. ధరలు నెలనెలా మారుతుంటాయి కనుక ఒకటికి రెండు చోట్ల విచారించండి. ఆ పెడల్స్ ఒకదానికొకటి దగ్గరగా ఉండి కాళ్లు కొంచెం ఇరుకుగా అనిపిస్తాయన్నది నిజమే. అయినా అసలు లేకపోవడం కంటే ఎంతో నయం.

మరొక మాట. బల్ల మీది కర్ర కదిలేది కొద్ది సెంటీమీటర్లే. అసలు యోక్ జానెడుకు దగ్గరగా ముందుకూ వెనక్కీ జరుగుతుంది. ఈ తేడా వల్ల మొదటి వారం విమానం అతిగా ఊగుతుంది. సిమ్యులేటర్ అమరికల్లో సున్నితత్వాన్ని కొంచెం తగ్గించుకోవచ్చు. మరీ తగ్గిస్తే నడిమి భాగం మొద్దుబారి, చివర్లో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మణికట్టును కుర్చీ చేతి మీదో తొడ మీదో ఆనించి వేళ్లతో కదపడం నేర్చుకుంటే అమరికలను పెద్దగా ముట్టుకోవలసిన పనే ఉండదు.

సుబేదారి_172

కాజీపేట మిత్రుడు ట్రిమ్ గురించి రాసినదంతా నిజమే. ముగింపుతో మాత్రం నేను ఏకీభవించలేను. అబ్బాయి ఎక్కువగా నడిపేది సెస్నా అని తండ్రిగారే రాశారు. సెస్నాలో పైలట్ ఎడమ సీట్లో కూర్చుంటాడు. ఎడమ చేయి యోక్ మీద, కుడి చేయి థ్రాటిల్ మీద ఉంటాయి. కుడి చేత్తో జాయ్‌స్టిక్ పట్టుకొని రెండేళ్లు సాధన చేస్తే చేతులు తారుమారుగా అలవాటు పడతాయి. పైగా కర్రను పక్కకు వంచడం వేరు, చక్రాన్ని తిప్పడం వేరు. ఒక వైపు ఒరిగి మలుపు తిరుగుతూ రేడియో పౌనఃపున్యం మార్చే సమయంలో ఒంటి చేత్తో యోక్‌ను నిలిపి పట్టడం కూడా ఒక విద్యే, అది కర్రతో రాదు.

నేను మూడేళ్లుగా హనీకోంబ్ ఆల్ఫా అనే యోక్ వాడుతున్నాను. అది ఒక చివరి నుంచి మరో చివరికి 180 డిగ్రీలు తిరుగుతుంది. లోపల ఉక్కు కడ్డీ, బేరింగులు ఉండటంతో ముందుకు వెనక్కి జరిగేటప్పుడు పట్టేసినట్టు ఉండదు. మాగ్నెటో తాళం (ఇంజినును ప్రారంభించే తాళం), బ్యాటరీ, దీపాల స్విచ్చులు దాని ముఖం మీదే ఉంటాయి. ఇంజిను ప్రారంభించే వరుస మౌస్‌తో కాకుండా చేత్తోనే అలవాటవుతుంది. పాత సైటెక్ కాలం నుంచి వస్తున్న లాజిటెక్ యోక్ తిరిగేది దాదాపు అందులో సగమే. అయితే దానితో మూడు మీటల థ్రాటిల్ భాగం కూడా వస్తుంది కనుక ఖర్చు కలిసివస్తుంది.

యోక్ కొనేముందు మీ బల్లను కొలవండి. ఇది చిన్న విషయం కాదు. మా ఇంట్లోని పాత టేకు బల్లకు ముందు అంచు కింద సొరుగు ఉంది, బిగింపు మర పట్టే చోటే లేదు. వడ్రంగిని పిలిపించి సొరుగు తీయించి మందపాటి ప్లైవుడ్ పలక వేయించాకగాని యోక్ నిలబడలేదు. బిగించిన తర్వాత కూడా అది కీబోర్డు స్థానాన్ని ఆక్రమిస్తుంది. అదే బల్ల మీద అబ్బాయి చదువుకోవలసి ఉంటే, రోజూ విప్పి బిగించడం ఎవరికైనా విసుగే.

కరీంనగర్_శిక్షణార్థి

నేను కమర్షియల్ పైలట్ లైసెన్స్ శిక్షణ పూర్తి చేశాను. అబ్బాయి ఆశయం అదే కాబట్టి రెండు విషయాలు రాయాలనిపించింది.

మొదటిది, మన దేశంలో ఆ లైసెన్సుకు 200 గంటల ఎగురుదల కావాలి. ఇంటి సిమ్యులేటర్‌లో గడిపిన గంట ఒక్కటి కూడా అందులో కలవదు. కనుక పరికరం ఎంత అసలుదానిలా ఉందన్నదాని కంటే, అది చెడ్డ అలవాటు నేర్పకుండా ఉందా లేదా అన్నదే ముఖ్యం. చేతి కదలికను శిక్షకులు కొద్ది రోజుల్లో సరిచేయగలరు. నేనూ జాయ్‌స్టిక్ మీద నేర్చుకొనే వెళ్లాను. యోక్ పట్టుకున్నాక నాలుగైదు పాఠాల్లోనే చేయి సర్దుకుంది. చేతులు తారుమారవుతాయన్న భయానికి మందు కూడా సులభమే. టి.16000ఎం కర్రను ఎడమ చేతికి అనువుగా మార్చుకోవచ్చు. దాన్ని ఎడమ పక్కన, థ్రాటిల్‌ను కుడి పక్కన పెడితే సెస్నాకూ ఎ320 కెప్టెన్ సీటుకూ అమరిక ఒకటే అవుతుంది.

రెండోది పెడల్స్. నాకు నిజంగా కష్టం వచ్చింది ఇక్కడే. ఇంట్లో అవి లేకుండా నేర్చుకోవడంతో నా కాళ్లు నిద్రపోయాయి. మొదటి రోజు నేల మీద విమానాన్ని నడిపిస్తూ, కారు స్టీరింగ్ తిప్పినట్టు యోక్ తిప్పాను. విమానం నేరుగా గడ్డివైపు పోయింది, శిక్షకులు బ్రేకు వేయవలసి వచ్చింది. సెస్నా 172 నేల మీద తిరిగేది పాదాలతోనే. ముందు చక్రం రడ్డర్ (ముక్కును ఎడమకూ కుడికీ తిప్పే తోకలోని నిలువు పలక) పెడల్స్‌కు అనుసంధానమై ఉంటుంది, పెడల్ పై భాగాన్ని మునివేళ్లతో నొక్కితే బ్రేకు పడుతుంది. ఇక టేకాఫ్‌లో పూర్తి శక్తి ఇవ్వగానే విమానం ఎడమకు లాగుతుంది, కుడి పాదం దాన్ని అడ్డుకోవాలి. ఆ పాదం తనంతట తాను కదిలేలా అలవాటు కావడానికి నాకు పట్టిన గంటలూ, వాటికి కట్టిన డబ్బూ తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. జాయ్‌స్టిక్‌ను మెలితిప్పి రడ్డర్ పనిచేయించే సౌకర్యం ఉంది గాని, పక్కగాలిలో దిగేటప్పుడు కర్రను ఒక వైపు వంచి రెండో వైపు మెలితిప్పవలసి వస్తుంది. ఆ రెండు కదలికలూ ఒకే మణికట్టులో కలిసిపోయి ఏదీ సరిగా రాదు.

అందుచేత 30,000లో యోక్ ఒక్కటి కొనడమా, కర్రా పెడల్సూ కొనడమా అంటే, నేను ఏ సందేహమూ లేకుండా రెండోదే చెప్తాను.

మరమ్మతు_వరంగల్

పాత సరుకు గురించి అడిగిన మూడో ప్రశ్నకు నేను జవాబు రాస్తాను. నేను ఎలక్ట్రానిక్స్ మరమ్మతు చేస్తాను, ఇలాంటి పరికరాలు అప్పుడప్పుడూ నా బల్ల మీదికి వస్తుంటాయి.

కర్ర ఎంత వంగిందో కొలిచే పద్ధతులు ముఖ్యంగా రెండు. పొటెన్షియోమీటర్‌లో ఒక చిన్న లోహపు పుల్ల కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ జరుగుతుంది. రేడియో వాల్యూమ్ మీట లోపల ఉండేది కూడా ఇదే. పాత రేడియోలో శబ్దం పెంచుతుంటే గరగరమన్నట్టే, దుమ్ము చేరినా పట్టీ అరిగినా విమానం ఉన్నట్టుండి ఉలిక్కిపడుతుంది. హాల్ సెన్సర్‌లో రాపిడే లేదు. అయస్కాంతం కదిలితే దాని క్షేత్రంలోని మార్పును చిప్ దూరం నుంచే కొలుస్తుంది. వేసవిలో కిటికీలు తీసి ఉంచే మన ఇళ్లలోని దుమ్ముకు హాల్ సెన్సరే తట్టుకుంటుంది. టి.16000ఎంలో వంగే రెండు దిశలకూ హాల్ సెన్సర్లే ఉన్నాయి, మెలితిప్పే దిశకు మాత్రం పొటెన్షియోమీటరే. పెడల్స్ తీసుకుంటే ఆ మెలిక వాడే పనే ఉండదు, కర్ర ఎక్కువ కాలం మన్నుతుంది. వీకేబీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీ అనే జాయ్‌స్టిక్‌లో మెలికకు కూడా రాపిడి లేని సెన్సరే ఉంది, కదలకుండా బిగించే ఏర్పాటూ ఉంది. దొరికితే అది ఇంకా మంచిది.

పాతది కొనదలిస్తే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పేజీ తెరిచి, కర్రను ఒక మూల నుంచి మరో మూలకు చాలా నెమ్మదిగా తిప్పండి. తెర మీది గుర్తు ఎక్కడైనా గెంతినా, వదిలాక నడిమికి కాకుండా పక్కన ఆగినా కొనవద్దు. అమ్మేవారు దాన్ని క్యాలిబ్రేషన్ (కంప్యూటర్‌లో కర్ర నడిమినీ చివర్లనూ సరిచూసే అమరిక) లోపమని చెప్తారు. గెంతేది క్యాలిబ్రేషన్‌తో పోదు. పట్టీ శుభ్రం చేస్తే కొన్ని నెలలు నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది.

నయీంనగర్_తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నేనూ అబ్బాయీ కూర్చొని మీ జవాబులన్నీ చదివాము. సుబేదారి మిత్రుడు చెప్పినట్టు బల్ల కొలిచాము. దాని ముందు అంచు కిందా సొరుగే ఉంది, పైగా వాడు చదువుకునేదీ దాని మీదే. యోక్ ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాము. ఎడమ చేతికి కర్ర, కుడి చేతికి థ్రాటిల్, కింద పెడల్స్, అన్నీ కొత్తవే తీసుకోవాలని నిర్ణయించాము. విమానం గడ్డిలోకి పోయిన సంగతి చదివి వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే పెడల్స్ ముందు కొందామన్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. మా గదిలో నున్నటి షాబాద్ బండలున్నాయి, కుర్చీకి చక్రాలున్నాయి. పెడల్ తొక్కితే కుర్చీ వెనక్కి పోదా?

కాజీపేట_ఆకాశం

తప్పకుండా పోతుంది, పెడల్స్ కూడా ముందుకు జారుతాయి. చక్రాలు లేని భోజనపు కుర్చీ వేసుకోండి. పెడల్స్ కింద మందపాటి రబ్బరు చాప పరిచి, వాటి ముందు అంచు గోడకు తగిలేలా ఒక చెక్క దుంగ అడ్డం పెట్టండి. పరికరాలను హబ్ ద్వారా కాకుండా కంప్యూటర్ వెనుక ఉన్న యూఎస్‌బీ రంధ్రాలకే నేరుగా కలపండి, విండోస్‌లో యూఎస్‌బీ విద్యుత్ పొదుపు అమరికను తీసేయండి. లేకపోతే రన్‌వే మీదికి దిగుతున్న క్షణంలో పెడల్స్ నిద్రలోకి జారుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు, సిమ్యులేటర్‌లో రడ్డర్‌ను తనంతట తానే సర్దే సహాయం ఆన్‌లో ఉంటే ఆపేయించండి. అది నడుస్తున్నంత కాలం పెడల్స్ ఉన్నా కాళ్లకు పని ఉండదు. మొదటి సాధనకు మన వరంగల్ దగ్గరి మామునూరు రన్‌వేను ఎంచుకోమనండి. నిజాం కాలపు ఆ విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది కదా, మన ఊరి నేల మీద దిగడంలో ఆ వయసు పిల్లలకు ఉండే ఉత్సాహమే వేరు. మొదటి వారం పైకి ఎగరకుండా, ఆ రన్‌వే మధ్య గీత మీద నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు నేల మీదే నడిపించమని చెప్పండి. గీత తప్పకుండా పది సార్లు వెళ్లి వచ్చాక టేకాఫ్ చేయవచ్చు.