నాన్న తెలుగులో చెప్పే జవాబుకి స్కోర్ ఎలా వేస్తారు?

లండన్‌లో మా దగ్గర ఉంటున్న నాన్నకి మూడు నెలల క్రితం స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయింది. ఇప్పుడు న్యూరో రిహాబ్ యూనిట్‌లో ఉన్నారు. అక్కడ ఫిమ్ ప్లస్ ఫామ్ అని ఒక స్కోర్ వేస్తున్నారు. మొత్తం 30 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. అన్నీ ఇంకొకరే చేయాల్సి వస్తే 1, ఎవరి సాయమూ లేకుండా చేసుకుంటే 7.

ఒంటి పనులకి సంబంధించిన 16 అంశాల్లో 41 నుంచి 67కి వచ్చారు. అది నమ్ముతాను. చొక్కా గుండీలు ఎడమ చేత్తోనే పెట్టుకుంటున్నారు, పై గుండీ దగ్గరికొచ్చేసరికి మాత్రం నా వంక చూస్తారు.

మాట, జ్ఞాపకం, అర్థం చేసుకోవడం లాంటి మిగతా 14లో 38 నుంచి 41 దాకానే కదిలింది. నా అనుమానం ఇక్కడే. నాన్నకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. నిన్న నర్సు మాత్రల గురించి అడిగితే బిక్కమొహం వేశారు. అదే నేను "మందు వేసుకున్నావా నాన్నా?" అంటే "పొద్దున్నే... చేదు" అన్నారు. మరి తక్కువ స్కోర్ మెదడుదా, భాషదా?

వచ్చే వారం డిశ్చార్జ్ మీటింగ్ ఉంది, ఇంటికొచ్చాక ఎంత సాయం కావాలో అందులో మాట్లాడతారట. ఒకటే టెన్షన్. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించి ఆ 14 మళ్లీ చూడమని ఎవరైనా అడిగారా? ఒప్పుకున్నారా? పక్కన నేనే కూర్చుని చెబితే లెక్కలోకి తీసుకుంటారా? స్పీచ్ థెరపిస్టులు, ఓటీలు (రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు) ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.