మా పాస్టరేట్‌కి మహిళా పాస్టర్ వస్తున్నారు: మీ సంఘాల్లో ఎలా జరిగింది?

కృష్ణాతీరం
అందరికీ వందనాలు. మాది కృష్ణా జిల్లాలో ఒక సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) పాస్టరేట్, అంటే ఒక పాస్టర్ చూసుకునే గుళ్ల గుంపు. ఒక పెద్ద గుడి, చుట్టుపక్కల పల్లెల్లో చిన్న గుళ్లు. ఈసారి బదిలీల్లో మాకు మహిళా ప్రెస్బిటర్‌ని (పాస్టర్‌ని) వేస్తున్నారు. కమిటీలో స్త్రీల సమాజం తరఫున నేనొక్కదాన్నే ఉన్నాను. పెద్దలిద్దరు ఒక మాట అన్నారు: "అమ్మగారు ప్రసంగం చెప్పుకోవచ్చు, మొదటి ఆదివారం బల్లకి (రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజన సంస్కారానికి) మాత్రం పక్క పాస్టరేట్ అయ్యగారిని పిలిపిద్దాం."

వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఊళ్లో ఎవరింట చావు జరిగినా ముందు వెళ్లి నిలబడేది వాళ్లే. అందుకే గొడవ పడకుండా నచ్చజెప్పాలనుంది. కానీ రొట్టె విరవనివ్వకుండా ఆమెను పాస్టర్ అని పిలవడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. మీ దగ్గర ఇలాంటిది జరిగి ఉంటే చెప్పండి. వాక్యం సంగతీ, మామూలు ఏర్పాట్ల సంగతీ రెండూ కావాలి.

నల్లమల_రీడర్
వందనాలు అక్కా. మాది నంద్యాల వైపు. సీఎస్‌ఐ మొత్తానికీ మొదటి మహిళా బిషప్ మా నంద్యాల డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) నుంచే వచ్చారు. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత గారిని బిషప్‌గా ప్రతిష్ఠించారు. ఆ వార్త విని మా అమ్మ ఏడ్చింది. బిషప్ స్త్రీ అయ్యాక ఇంకెవరూ అభ్యంతరం చెప్పరని అనుకున్నాం గానీ, పల్లెల్లో ఆ మార్పు అంత తొందరగా రాలేదు. బిషప్ గారొచ్చినప్పుడు దండలు వేసి దణ్ణం పెట్టినవాళ్లే తమ గుడికి మహిళా పాస్టర్ అనేసరికి వెనక్కి తగ్గారు.

మాకు వచ్చిన అమ్మగారు ఎవరితోనూ వాదించలేదు. ఒక పెద్దాయన పక్షవాతంతో మంచాన పడ్డారు, బల్లకి ఆమె చేతులు వద్దన్నది ఆయనే. ఆమె వారం వారం వెళ్లి కీర్తన పాడి, ఆయన భార్యకి కాసేపు విశ్రాంతి దొరికేలా పక్కన కూర్చునేవారు. కొన్నాళ్లకి ఆయనే సంస్కారం ఇమ్మని అడిగారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

ఒంగోలు_మాస్టారు
అమ్మా, నేను తెలుగు బాప్టిస్టుని. మా దగ్గర ఏ సంఘానికి ఆ సంఘమే తీర్మానం చేసుకుంటుంది కాబట్టి ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి. వాక్యం అడిగారు కాబట్టి చెబుతాను.

మీ పెద్దలు 1 కొరింథీ 14:34 చూపిస్తారు, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని. అదే పత్రిక 11వ అధ్యాయం 5వ వచనం తీయించండి. అక్కడ స్త్రీ ప్రార్థన చేసేటప్పుడూ ప్రవచించేటప్పుడూ తలమీద ముసుగు ఉండాలంటాడు పౌలు. నోరే తెరవకూడదన్నవాడు, నోరు తెరిచేటప్పుడు ముసుగు వేసుకోమని ఎందుకు చెబుతాడు? తరవాత రోమా 16 చదివించండి. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే అక్కడే ఉంది, అపొస్తలులలో ప్రసిద్ధి కెక్కిన యూనీయ అక్కడే ఉంది. పునరుత్థాన వార్తని ప్రభువు మొదట ఎవరి చేత పంపించాడో యోహాను 20లో ఉంది. మగ్దలేనే మరియ చెప్పిన మాట శిష్యులు వినాల్సి వచ్చింది.

ఇంకొక మాట, ఇది మా జిల్లా చరిత్ర. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలుకి వచ్చిన కొత్తలో మాదిగలు సంఘంలో చేరుతుంటే, అగ్రకులాల వాళ్లు "వీళ్లని చేర్చుకుంటే మేం రాం" అన్నారు. ఏం చేయాలో తోచక ఆయన బైబిల్ తెరిస్తే 1 కొరింథీ మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గర తెరుచుకుందట. వేరే గదిలో ఉన్న ఆయన భార్యకీ అదే చోటు కనపడిందని ఆయనే రాసుకున్నారు. "తృణీకరింపబడినవారిని, ఎన్నికలేనివారిని" దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట ఉన్నది అక్కడే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనలో చాలామంది వాళ్ల మనవలం, మునిమనవలం. ఊరి బావి దగ్గరికి రానివ్వని తాతల బిడ్డలం, మన ఆడబిడ్డని బల్ల దగ్గరికి రావద్దనడం నాకు మింగుడుపడదు.

బెరయ_విశ్వాసి
మాస్టారు గారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. 1 తిమోతి 2:12 సంగతేమిటి? స్త్రీ ఉపదేశించుటకు సెలవియ్యను అని నేరుగా ఉంది. కాలం మారిందని వాక్యాన్ని మార్చుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది? మా ఇంట్లో నాకు ప్రార్థన నేర్పింది మా నాయనమ్మే. స్త్రీలంటే చులకన ఉండి అంటున్న మాట కాదిది.

ఒంగోలు_మాస్టారు
బాబూ, మంచి ప్రశ్న. ఆ పత్రిక వెళ్లింది ఎఫెసుకి. అబద్ధ బోధలు అక్కడ ఇల్లిల్లూ చేరుతున్నాయని పత్రిక పొడుగునా కనిపిస్తుంది. ఆ మాట ఆ సంఘంలోని కష్టానికి చెప్పిన జవాబని నా నమ్మకం. దాని పై వచనాల్లోనే జడలు, బంగారము, ముత్యములు వద్దని కూడా ఉంది. పెళ్లికూతురి మెళ్లో బంగారం చూసి మనమెవరం ఆరాధన ఆపలేదు. ఒక వచనాన్ని ఆ కాలానికని వదిలేసి, పక్క వచనాన్ని ఎల్లకాలానికని పట్టుకుంటే, ఎందుకలా పట్టుకున్నామో మనమే చెప్పుకోవాలి. మీ నాయనమ్మ గారు మీకు నేర్పింది ఉపదేశం కాదా, ఆలోచించండి.

గుంటూరు_సిస్టర్
నేను నర్సుని, లూథరన్. కమిటీల్లో పైకి చెప్పని అభ్యంతరం ఒకటుంది, ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను. అది నెలసరి. "ఆ రోజుల్లో అమ్మగారు బల్ల ముట్టుకుంటే ఎలా?" అని మా ఊళ్లో ఆడవాళ్లే గుసగుసలాడారు. మన సంఘాల్లో ఎంతమంది ఆడపిల్లలు ఆ రోజుల్లో సంస్కారం తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చుండిపోతారో మీకు తెలుసు. ఎవరూ వద్దని చెప్పరు, అయినా లేవరు.

మా స్త్రీల సమాజంలో ఒక బుధవారం మార్కు 5 చదివాం. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ జనంలోంచి వచ్చి ఆయన వస్త్రం ముట్టింది. ఆయన అపవిత్రుడవలేదు, ఆమె బాగుపడింది. అందరి ముందూ "కుమారీ" అని పిలిచాడు. గర్భసంచి అంటే ఏమిటి, నెలనెలా శరీరంలో ఏం జరుగుతుంది అన్నది నేను నర్సుగా వివరించాను. అరవై దాటిన ఒకావిడ "ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేం?" అని అడిగింది. నాకు గొంతు పట్టేసింది. తరవాతి బల్లకి ఎవరూ వెనక్కి తగ్గలేదు. కాబట్టి చెల్లీ, మగవాళ్ల కమిటీకన్నా ముందు మీ సమాజంలో ఈ సంగతి మాట్లాడండి. ఆడవాళ్లు గట్టిగా నిలబడకపోతే వచ్చే అమ్మగారు ఒంటరైపోతారు.

గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టినప్పుడు, మిషన్ వాళ్లు ఆవిడని వైద్యానికని పంపలేదు, మామూలు మిషనరీగా పంపారు. ఆవిడ మందుల పెట్టె కూడా తెచ్చుకుంది. 1898లో ఆసుపత్రి లేచింది. పిలుపు ఉన్న మనిషిని చిన్న పనికి పరిమితం చేయాలనుకోవడం అప్పుడూ ఉంది.

హైదరాబాద్_కథోలిక
మా కథోలిక సంఘంలో స్త్రీలకు గురుపట్టం లేదు, అంటే ఫాదర్ కాలేరు. 2021 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ గారు పఠనం, బలిపీఠ సేవ పరిచర్యలను అధికారికంగా స్త్రీలకూ తెరిచారు. 2022లో మా ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ స్థానానికి వెళ్లిన మొదటివారు. ఆ రోజు మా విచారణలో (మా గుడి పరిధిలో) ముసలివాళ్ల ముఖాలు చూసిన నాకు, పీఠం దగ్గర మనలాంటి మనిషి కనిపించడం ఎంత పెద్ద సంగతో తెలుసు. మీకు దొరికిన అవకాశాన్ని జారనివ్వకండి.

పల్లె_ప్రెస్బిటర్
అక్కా, నేను ఈ పనిలోనే ఉన్నాను, అందుకే ఏర్పాట్ల సంగతి నేను చెబుతాను.

మొట్టమొదటిది, బల్ల విషయం కమిటీలో ఓటుకి పెట్టనివ్వకండి. ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) ఇచ్చింది డయాసిస్. సంస్కారాలు జరిపే అధికారం అందులోనే ఉంది. కమిటీ దాన్ని సగం చేయలేదు. ఓటింగ్ అంటూ జరిగితే ఓడినా గెలిచినా ఆమె మీద ముద్ర పడుతుంది.

పాస్టర్ బంగళాకి తలుపు గొళ్లేలు, బాత్రూమ్, వీధిలైటు చూడండి. పల్లె గుళ్లలో మరుగుదొడ్డి ఉండదు. పొద్దున్నే బయలుదేరి మూడు ఊళ్లలో ఆరాధన జరిపి మధ్యాహ్నం తిరిగొచ్చేదాకా నీళ్లు తాగకుండా ఉన్న రోజులు నాకు చాలా ఉన్నాయి. ప్రతి ఊళ్లో ఒక ఇల్లు మాట్లాడి పెట్టండి, అంతే చాలు. రాత్రిపూట ఎవరైనా పోయారని కబురొస్తే ఆమె ఒంటరిగా వెళ్లకుండా స్త్రీల సమాజం నుంచి ఒకరు, ఆటో ఉన్న తమ్ముడొకరు తోడుండాలి. గర్భవతి అయితే సెలవు, ఆ నెలల్లో ఆరాధన ఎవరు జరుపుతారన్నది ముందే అడిగి పెట్టుకోండి.

మన సంఘాల్లో అయ్యగారి భార్య జీతం లేకుండా సండే స్కూలు, స్త్రీల సమాజం, వచ్చినవాళ్లకి వంట అన్నీ చూస్తుంది. మహిళా పాస్టర్ వచ్చేసరికి రెండు పనులూ ఆమె మీదే పడతాయి. ప్రసంగం సిద్ధం చేసుకోవాల్సిన శనివారం సాయంత్రం నేను కమిటీకి టీలు కాచాను. అది ఆపించగలిగేది మీలాంటి సభ్యురాలే.

డాలస్_తెలుగు
మేం ఇక్కడ లూథరన్ గుడికి వెళ్తాం, పాస్టర్ మహిళే. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హయ్యర్ గారిని పంపిన అమెరికా లూథరన్ల వారసులు 1970 నుంచి స్త్రీలకు ఆర్డినేషన్ ఇస్తున్నారు. మా పాపకి ఇది మామూలు విషయం. మా తెలుగు సహవాసంలో మాత్రం ఇంకా స్త్రీలకు ప్రసంగం ఇవ్వడం లేదు. ఈ చర్చ చదివాక మా పెద్దలతో మాట్లాడాలనుకుంటున్నాను.

బెరయ_విశ్వాసి
సిస్టర్ గారు రాసింది మళ్లీ చదివాను. తిమోతి మీద నా ఆలోచన ఇంకా మారలేదు. నెలసరి మాట మాత్రం మా ఇంట్లో మాట్లాడాను. మా చెల్లెలు కూడా వెనక బెంచీలోనే ఉండిపోతోందని నాకు ఇవాళే తెలిసింది.

కృష్ణాతీరం
అందరికీ నా హృదయపూర్వక వందనాలు. బల్ల సంగతి ఓటుకి పెట్టొద్దని కార్యదర్శి గారికి చెప్పాను, ఒప్పుకున్నారు. ఈ బుధవారం సమాజంలో మార్కు 5 చదువుతున్నాం. గుంటూరు అక్కా, వీలైతే ఆ రోజు ఫోన్‌లో మా ఆడవాళ్లతో పది నిమిషాలు మాట్లాడతారా? బంగళా తలుపుకి కొత్త గొళ్లెం వేయించే పని, ఆశ్చర్యంగా, బల్ల వద్దన్న పెద్దల్లో ఒకరు తీసుకున్నారు. మిగతా ఊళ్లలో ఇళ్లు అడగాలి. ఆమె వచ్చాక ఇక్కడే రాస్తాను.