లెక్కల్లో బాగా ముందున్న ఆరో తరగతి పాపకి ఏం నేర్పించాలి?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మా పాప ఆరో తరగతి, లెక్కలంటే పిచ్చి. వాళ్లన్నయ్య ఎనిమిదో తరగతి పుస్తకం ముందేసుకుని సమీకరణాలు తనే నేర్చేసుకుంది. మొన్న 1 నుంచి వరసగా బేసి సంఖ్యలు కూడితే ఎప్పుడూ వర్గసంఖ్యే ఎందుకొస్తుందని అడిగింది. నేను ఆలోచించేలోపే చింతగింజలు చతురస్రంగా పేర్చి కారణం చూపించేసింది! బళ్లో మాత్రం ఇచ్చిన లెక్కలు ముందే అయిపోయి ఊరికే కూర్చుంటోంది.

ఎవరిని అడిగినా ఐఐటీ ఫౌండేషన్‌లో వేసేయమంటున్నారు. ఇప్పటినుంచే ర్యాంకుల గోల పెడితే ఉన్న ఇష్టం కాస్తా పోతుందని నా టెన్షన్. అబాకస్ కూడా వద్దనుకుంటున్నా, తనకి కావాల్సింది వేగం కాదు.

చెన్నైలోని లెక్కల టీచర్ల సంఘం ఏఎంటీఐ వాళ్లు పెట్టే లెక్కల ప్రతిభా పోటీ ఎన్‌ఎంటీసీలో 5, 6 తరగతులకి ప్రైమరీ స్థాయి ఉంది. లెక్కల ఒలింపియాడ్‌కి మొదటి మెట్టయిన ఐఓక్యూఎం పరీక్ష పెద్ద తరగతుల వాళ్లకి, కాబట్టి దానికింకా టైముంది. మీ పిల్లలెవరైనా ఎన్‌ఎంటీసీ రాశారా? ఇంట్లోనే చదివించారా, ఎవరిదగ్గరైనా చెప్పించారా? నేను బీకాం, నా లెక్కలు ఇంకో ఏడాదిలో తనకి చాలవు. నెలకి రెండు వేల దాకా పెట్టుకోగలం. వారానికోసారి ఆన్‌లైన్‌లో, పరీక్షల ఊసెత్తకుండా, తెలుగు కలిపి చెప్పేవాళ్లుంటే మరీ మంచిది.

ఇంకొకటి, డబుల్ ప్రమోషన్ ఇప్పించమని మావారు అంటున్నారు. అలా చేసినవాళ్లుంటే ఎలా ఉందో చెప్పండి ప్లీజ్.