గడ్డి, తలగుడ్డ ఆధారాలు: మూడు దగ్గర ఆగిపోయాను

ప్రశ్న (తణుకు నుంచి)
ఈ ఆదివారం గళ్ళ నుడికట్టు నిండా పొలం పనే. మూడు ఎంతకీ తెగడం లేదు.
అడ్డం 4: వానలో ఊడ్పుల కూలీ నెత్తిన, వాడుక భాష పోరులో ముందున (3)
అడ్డం 11: కుండకి ఉంటుంది, అల్లరి పిల్లాడికి ఉండదు (3)
నిలువు 15: నెమలి విప్పేది, రైతు గడ్డితో కట్టేది (2)
అడ్డం 4కి గొడుగు అని రాసేశాను. కానీ నిలువు 4 'ఒంగోలుది, రంకె వేస్తుంది (2)' కచ్చితంగా గిత్తే. అంటే మొదటి గడిలో 'గి' పడాలి. నిలువు 15కి వాము అనుకున్నా, మరి నెమలి ఎక్కడ సరిపోతుంది? ఆ వస్తువులు ఎలా ఉంటాయో కూడా చెప్పండి. నేను పుట్టేసరికే మా చేను కౌలుకి వెళ్ళిపోయింది.

జవాబు (ఆచంట నుంచి)
4 గిడుగు అమ్మా. పిడి లేని ఆకు గొడుగు. నెత్తిన పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ, వంగి నాటు వేసుకోవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారి ఇంటిపేరూ అదే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజులకి మా వైపు సార్వా (వానాకాలం పంట) ఊడ్పులు అయిపోవస్తుంటాయి.
15 పురి, అంటే ధాన్యం దాచే గడ్డి గాదె. ఇది నా చేతులతో చేసిన పని. గడ్డి మీద నీళ్ళు చిలకరించి లావుగా వెంటి (గడ్డి తాడు) పేనేవాళ్ళం. నాన్న దాన్ని గుండ్రంగా చుట్టుకుంటూ వస్తుంటే లోపల ధాన్యం పోసేవాళ్ళం. చుట్టు మీద చుట్టు, గింజతో పాటే గోడా లేచేది. పైన గడ్డి కప్పేస్తే సరి. గోనెసంచి అక్కర్లేదు. దానికి పొడుగు గడ్డి కావాలి, అదీ కొడవలితో కోసింది. మా మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళ స్వర్ణ వరి రకం (ఎంటీయూ 7029) మంచి పంటే, కాదనను, కానీ పాత రకాలంత ఎత్తు పెరగదు. కోత మిషన్ దిగాక ఆ గడ్డి కూడా నలిగి తునకలైపోతోంది. వెంటికి పట్టు దొరకదు.

జవాబు (అమలాపురం నుంచి)
11 కుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్ట. మా అమ్మ పాత కుదురు పిగిలిపోతే పారేయదు, దాని మీదే కొత్త గడ్డి చుట్టేస్తుంది. చుట్టకుదురు అని కూడా అంటాం, కానీ దానికి ఐదు గళ్ళు కావాలి.

ప్రశ్న వేసినవారు
మూడూ సరిగ్గా కూర్చున్నాయి! పురి గురించి చదివి వినిపిస్తే తాతయ్య లేచి కూర్చుని, వెంటి ఎలా పేనాలో తువ్వాలుతో చేసి చూపించారు. ధైర్యం వచ్చి ఇంకొకటి అడుగుతున్నా. నిలువు 9: చుడితే నెత్తిన, వేస్తే ఊళ్ళో (2).

జవాబు (అమలాపురం నుంచి)
పాగా అండీ. కోతలప్పుడు ఎండకి తలకి చుడతారు. మోపు ఎత్తేముందు దాన్నే విప్పి కుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుంటారు. సాయంత్రం కాలవలో మునిగి లేచాక ఒళ్ళు తుడుచుకునేదీ ఆ గుడ్డతోనే.