సెట్ ఆఫ్, సెట్ ఔట్, మన బయల్దేరడం

ప్రశ్న:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. నిన్న ఒక పిల్ల లేచి, "టీచర్, సెట్ అంటే పెట్టడం కదా, సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం ఎలా అయింది?" అని అడిగింది. "అదంతే, గుర్తుపెట్టుకో" అని తప్పించుకున్నాను గానీ ఇంటికొచ్చాక కూడా మనసు ఒప్పుకోవడం లేదు. సెట్ ఆఫ్, సెట్ ఔట్, స్టార్ట్, అన్నిటికీ "బయల్దేరు" అనే రాయించాలా? తేడా ఏమైనా ఉంటే చెప్పగలరు.

జవాబు:
టీచర్ గారూ, మీ పిల్లది పాత అనుమానమే. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో, క్రియ వెనక ఒక చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే ఈ పద్ధతి పరాయివాళ్ళను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెడుతుందని రాశాడు. అక్కడే కొన్ని ఉదాహరణలూ ఇచ్చాడు. సెట్ ఔట్ అంటే ప్రయాణం మొదలుపెట్టడం. సరే. సెట్ ఆఫ్ అంటే ఏమన్నాడో తెలుసా? అందం తేవడం! టేక్ ఆఫ్‌కి ఇచ్చిన అర్థం కాపీ కొట్టడం. ఈ రోజు విమానం ఎక్కే పిల్లాడికి ఆ పేజీ చూపిస్తే నవ్వుతాడు.

ఇక సెట్ సంగతి. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. మన తిను, తినిపించు లాంటి జత అన్నమాట. కూర్చోబెట్టే మాట ప్రయాణానికి ఎలా పనికొచ్చిందని పిల్ల అడగడంలో తప్పేం లేదు. కానీ వాడీ వాడీ ఆ మాటకు సొంత బరువంటూ మిగల్లేదు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ఒక్క సెట్‌కే 430 అర్థాలు లెక్కపెట్టారు. అన్ని అర్థాలున్న మాటను పట్టుకుని "నీ అర్థమేంటి" అంటే ఏం చెబుతుంది? అడగాల్సింది తోకను. కదలిక అంతా ఆ తోకలోనే ఉంది.

ఆఫ్ చూడండి. రెండు ఎఫ్‌లున్న ఈ మాటా (off), మనం రోజూ రాసే ఒక ఎఫ్ ఉన్న "ఆఫ్" (of) కూడా ఒకప్పుడు ఒకే మాట. ఒత్తి పలికితే ఒకటి, తేల్చి పలికితే ఇంకొకటి అయి, పదిహేడో శతాబ్దానికి విడిపోయాయి. అసలు అర్థం "నుంచి, దూరంగా". కాబట్టి సెట్ ఆఫ్‌లో కనిపించేది ఉన్నచోటు వదిలిన క్షణం. "వి సెట్ ఆఫ్ ఎట్ సిక్స్" అన్నప్పుడు తలుపు తాళం వేసి వీధిలో కాలు పెట్టిన ఆరు గంటలే చెబుతున్నాడు, ఎక్కడికన్నది తర్వాత. విమానం టేక్ ఆఫ్ అయితే వదిలింది నేలను. ఓడ కాస్ట్ ఆఫ్ అయితే తాళ్ళు విప్పుకుని రేవును. స్టేషన్‌కి వెళ్ళి ఎవర్నైనా సీ ఆఫ్ చేస్తే, వాళ్ళు వదిలి వెళ్తుంటే మనం చూస్తూ నిలబడ్డామని.

ఔట్ దారి వేరు. లోపల నుంచి బయటికి. ముందు చాలా దూరం పరుచుకుని ఉన్నట్టు, మనసులో ఒక పని పెట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే "షి సెట్ ఔట్ టు రైట్ ఎ నావెల్" అంటే నవల రాద్దామని పూనుకుంది. ఆమె కుర్చీలోంచి లేవకపోయినా సరే! అక్కడ సెట్ ఆఫ్ పెడితే ఆవిడ ఎక్కడికో బస్సెక్కి వెళ్ళి రాస్తుందన్నట్టు ఉంటుంది. మామూలు ప్రయాణాల్లో మాత్రం ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి దిగిపోతాయి, కాబట్టి పరీక్షలో మార్కులు కోసేయకండి.

నాకు ముచ్చటేసేది మన బయల్దేరడం. ఇందులో ఉన్నది బయలు. ఆరుబయలు అంటామే, అదే. గోడలు దాటి ఖాళీ జాగాలోకి రావడం. అంటే ఔట్‌కి దగ్గరి చుట్టం మన ఇంట్లోనే ఉంది. ఇంకో విచిత్రం, "కొత్త రోగం బయల్దేరింది" అంటాం కదా, అక్కడ ఇంగ్లిష్ వాడు సెట్ ఔట్ అనడు, బ్రేక్ ఔట్ అంటాడు. క్రియ మారింది, ఔట్ మాత్రం కదల్లేదు. పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ బోర్డు మీద రాస్తే చాలనిపిస్తుంది.

హెడ్ హోమ్ అంటే ఇంటిముఖం పట్టడం. వాళ్ళు తలతో వెళ్తే మనం ముఖంతో వెళ్తాం, అంతే తేడా. మేక్ ఆఫ్‌కి ఉడాయించడం ఉంది, స్లిప్ అవేకి జారుకోవడం ఉంది. ఒక్క టేక్ ఆఫ్ దగ్గర జాగ్రత్త. విమానం లేచింది అనండి, గాల్లోకి లేచింది అనండి. "లేచిపోయింది" అన్నారో, ఎవరితో అని అడుగుతారు!

మరో సభ్యుడు:
బాగుంది మాస్టారూ. మరి మేం ఆఫీసులో పొద్దస్తమానం వాడే "స్టార్టెడ్?" సంగతేంటి? ఇంట్లో కూడా మా ఆవిడ "స్టార్ట్ అయ్యావా" అనే అడుగుతుంది. ఒకసారి లండన్‌లో మా క్లయింట్‌కి ఫోన్‌లో "ఐ హావ్ స్టార్టెడ్" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి "స్టార్టెడ్ వాట్?" అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

జవాబు:
సిగ్గెందుకండీ? పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు వాళ్ళే ఊరికి స్టార్ట్ అయ్యేవారు, "స్టార్ట్ ఫర్ లండన్" అని రాసేవారు. అక్కడ వాడుక పలచబడింది, మన దగ్గర నిలబడింది. ఇప్పుడు లండన్ ఫోన్‌కైతే "ఐ హావ్ సెట్ ఆఫ్" అనో "ఐ హావ్ లెఫ్ట్" అనో అనండి. మీ ఆవిడతో మాత్రం స్టార్ట్ అయ్యాననే చెప్పండి, ఇంకా బాత్రూంలోనే ఉన్నా.

మొదట అడిగిన టీచర్:
చాలా థాంక్సండీ. ఈ రోజు క్లాసులో ఆఫ్, ఔట్ రెండే రాసి చెప్పాను. రోగం బయల్దేరడం బాగా పట్టుకున్నారు. నిన్నటి పిల్ల మళ్ళీ లేచింది. "టీచర్, ఫ్యాన్ ఆఫ్ చేస్తే ఆగుతుంది. అలారం గో ఆఫ్ అంటే మోగుతుందని పుస్తకంలో ఉంది. రెండూ ఆఫే కదా?" అంది. బెల్ కొట్టారు కాబట్టి బతికిపోయాను.

జవాబు:
ఫ్యాన్‌కి కరెంటుతో సంబంధం వదిలింది, ఆగింది. అలారం ఊరుకుని కూర్చున్న స్థితి వదిలింది, మోగింది. తుపాకీ పేలినా గో ఆఫే అంటారు. అయితే ఇది చెప్పగానే ఆ అమ్మాయి, పాలు విరిగిపోతే కూడా గో ఆఫ్ అనే ఎందుకంటారని అడుగుతుంది. అది కూడా చదువుకునే క్లాసుకెళ్ళండి.